ఎల్లోస్టోన్‌కు 4,200 డాలర్లు, అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌కు 480

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. నాకు 34 ఏళ్లు, హెచ్1బీ వీసా మీద ఉద్యోగం. నా భార్యకు ఈఏడీ, అంటే పని చేసేందుకు అనుమతి, ఇంకా రాలేదు. నాలుగేళ్ల పాప ఉంది. నెలకు 6,800 డాలర్లు చేతికొస్తాయి. క్రెడిట్ కార్డుల మీద 9,800 బాకీ, బ్యాంకులో 5,200, ఆఫీసు ద్వారా ఉన్న రిటైర్‌మెంట్ ఖాతా 401కెలో 38,000 ఉన్నాయి. మే నెలలో మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి మొదటిసారి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్నకు 67, అమ్మకు 62. నాన్నకు బీపీ, షుగర్ ఉన్నాయి, 2021లో స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. టికెట్లకు 3,000, ఎల్లోస్టోన్‌కు 4,200, న్యూయార్క్, నయాగరా, వాషింగ్టన్ కలిపి 4,300, ఆర్లాండోకు 2,500, మొత్తం 14,000 అవుతుందని లెక్క వేసుకున్నాం. ఇన్సూరెన్స్ ఒక్కొక్కరికి నెలకు 40 డాలర్లది చూశాను, 50 వేల కవరేజీ ఉంది. ఈ 14,000కు 401కె లోన్ తీసుకోవాలా, 15 నెలలు జీరో వడ్డీ ఉన్న కొత్త కార్డు తీసుకోవాలా, లేక మా బావమరిది చెప్పినట్టు అత్తగారి బంగారం మీద ఇండియాలో లోన్ తీసుకోవాలా? నవంబరులో మా అత్తమామలు కూడా వద్దామనుకుంటున్నారు.

జవాబు: మూడు లోన్లలో ఏది మంచిదని అడిగారు. ఏదీ వద్దు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది లోన్ల సంగతి కాదు. స్టెంట్ వేసిన 67 ఏళ్ల మనిషికి ఆరు నెలల ఇన్సూరెన్స్ ఇద్దరికీ కలిపి 480 డాలర్లలో ముగించి, ఐదు రోజుల ఎల్లోస్టోన్‌కు 4,200 పెట్టారు. మీ ఒక్కరి విషయమే అయితే మీకు విడిగా రాసి ఊరుకునేవాణ్ని. ఏటా వేసవి ముందు నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. ముందు ఊళ్ల లిస్టు, తర్వాత టికెట్లు, తర్వాత హోటళ్లు, చివర్లో ఫ్లైట్ ఎక్కే వారం ముందు ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకులో అన్నిటికన్నా చవక ప్లాన్.

నెలకు 40 డాలర్లకు ఆ వయసులో 50 వేల కవరేజీ ఇస్తున్నారంటే అది దాదాపు ఖాయంగా ఫిక్స్‌డ్ ప్లానే. 50 వేలు అన్నది పైన కనిపించే అంకె మాత్రమే. లోపల పట్టిక తెరిచి చూడండి: హాస్పిటల్‌లో రోజుకు ఇంత, సర్జరీకి ఇంత, ఎమర్జెన్సీ రూముకు వెళితే ఇంత అని కట్టేసి ఉంటుంది. హాస్పిటల్ బిల్లు ఎంతైనా కంపెనీ ఆ ముక్కే ఇస్తుంది, మిగతాది మీ మీదే. రెండోది ఇంకా ముఖ్యం. నాన్నగారికి ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బు మూడూ ప్రీ ఎగ్జిస్టింగ్, అంటే పాలసీకి ముందే ఉన్న జబ్బుల కిందికి వస్తాయి. ఆయనకు వచ్చే అవకాశమున్న పెద్ద ఇబ్బంది ఏదైనా ఈ మూడింటిలోంచే రావాలి. అంటే మీరు కొనబోయే పాలసీ ఆయనకు జలుబు చేస్తే పనికొస్తుంది, గుండెనొప్పి వస్తే పనికిరాకపోవచ్చు.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. అమ్మగారు వచ్చిన మూడో వారంలో రాత్రిపూట కడుపునొప్పి. ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు, పిత్తాశయంలో రాళ్లని చెప్పి ఆపరేషన్ చేశారు, నాలుగు రోజులు ఉంచారు. అది కొత్తగా వచ్చిన జబ్బే, క్లెయిమ్ కూడా ఒప్పుకున్నారు. అయినా ఫిక్స్‌డ్ ప్లాన్ కాబట్టి బిల్లులో చిన్న వాటా మాత్రమే వచ్చింది. మిగిలింది ఆ అబ్బాయి మూడేళ్లు కట్టాడు. ఆ మూడేళ్లూ ఆ అమ్మగారు ఫోన్ చేసినప్పుడల్లా 'నా వల్లే కదరా' అనేవారట. ఆ మాట నాకు చెబుతూ అతను ఏడ్చాడు. అందుకే ఈ విషయం మీద ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీరు చూడాల్సింది కాంప్రెహెన్సివ్ ప్లాన్, అంటే పట్టికలో కట్టేసిన ముక్క కాకుండా బిల్లులో ఎక్కువ వాటా ఇచ్చేది, కనీసం లక్ష డాలర్ల కవరేజీతో, 'అక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్స్' (ముందే ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే కవరేజీ) ఉన్నది. డిడక్టిబుల్‌ను, అంటే ముందు మనం చేతి నుంచి కట్టాల్సిన మొత్తాన్ని బట్టి ఈ వయసులో ఒక్కొక్కరికి నెలకు 150 నుంచి 250 దాకా పడుతుంది. ఆ అక్యూట్ ఆన్‌సెట్ పేరాను పూర్తిగా చదవండి. ముందస్తు లక్షణాలేవీ లేకుండా హఠాత్తుగా వచ్చినదానికే వర్తిస్తుందని, 24 గంటల్లోపు వైద్యం తీసుకోవాలని చాలా పాలసీల్లో ఉంటుంది. ఒక వయసు దాటితే అది ఆగిపోతుంది. గుండె సమస్యలకు విడిగా తక్కువ పరిమితి పెట్టిన ప్లాన్లూ ఉన్నాయి, మీకు కీలకం అదే. రెండు ప్లాన్లలో నెలకు 30 డాలర్ల తేడా కనిపిస్తే ఆ తేడా ఎక్కువసార్లు ఈ పేరాలోనే ఉంటుంది. చెకప్‌లు, రోజూ వేసుకునే మందులు ఏ ప్లాన్‌లోనూ రావని అనుకునే బయల్దేరమనండి. పాలసీ వాళ్లు విమానం ఎక్కే రోజు నుంచే మొదలవ్వాలి. వచ్చాక చూద్దాంలే అనొద్దు.

ఖమ్మంలో నాన్నగారికి ఉన్న హెల్త్ పాలసీ ఇక్కడ పనిచేయదు. అలాంటి పాలసీలు మామూలుగా ఇండియా వరకే. ఇక్కడి పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఇన్సూరెన్స్‌కూ సందర్శకులకూ సంబంధం లేదు. 'ఎమర్జెన్సీలో డబ్బు అడగకుండా చూస్తారు కదా' అని కొందరంటారు. చూస్తారు. 1986 నాటి చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే హాస్పిటల్ ఏదైనా ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని పరీక్షించి ప్రమాదం తప్పించాలి. బిల్లు మాత్రం తర్వాత ఇంటికొస్తుంది. అలాంటి పరిస్థితి వస్తే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అడ్మిషన్ కాగితాల్లో గ్యారంటర్ (బిల్లుకు బాధ్యుడు) అని ఉన్నచోట కంగారులో సంతకం పెట్టకండి. పెద్దవాళ్ల వైద్యం బిల్లు సాధారణంగా వాళ్ల పేరు మీదే ఉంటుంది, మీ సంతకం పడితే మీదవుతుంది. ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఒక్కో ఖర్చూ విడిగా చూపే బిల్లు అడగండి. లాభాపేక్ష లేని హాస్పిటల్ అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ దరఖాస్తు అడగండి, అలాంటి హాస్పిటళ్లకు ఆ పాలసీ ఉండి తీరాలి.

ఇక మీ లోన్ల సంగతి. మీరు పంపిన ఖర్చుల పట్టిక కూడాను: అద్దె 2,100, పాప ప్రీస్కూల్ 750, రెండు కార్లకు 780, కారు ఇన్సూరెన్స్ 260, సరుకులు 850, కరెంటు, ఫోన్లు 420, ఇంటికి పంపేది 500, కార్డుల మినిమమ్ 300, వీకెండ్ తిరుగుళ్లు, బయటి భోజనాలు 700. మొత్తం 6,660. నెలకు మిగిలేది 140. జీరో కార్డు మీద 14,000 పెట్టి 15 నెలల్లో తీర్చాలంటే నెలకు 933 కావాలి. 140 మిగిలేవాళ్లు 933 ఎక్కడి నుంచి తెస్తారు? 16వ నెలలో మిగిలిన బాకీ మీద 20 శాతం పైన వడ్డీ మొదలవుతుంది, అప్పుడు ఇంకో జీరో కార్డు కోసం వెతుకుతారు. ఇప్పుడున్న 9,800 కూడా ఇలాగే మొదలై ఉంటుందని నా అనుమానం.

401కె లోన్‌ను 'మన డబ్బు మనకే వడ్డీ' అంటారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఆ మాట నమ్మకండి. ఉద్యోగం పోయిందంటే మిగిలిన బాకీని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్ను గడువులోపు వేరే రిటైర్‌మెంట్ ఖాతాలో జమ చేయాలి. చేయలేకపోతే అది ఆదాయంగా లెక్కై ట్యాక్స్ పడుతుంది, దానిమీద పది శాతం పెనాల్టీ. 14,000 మీద పెనాల్టీయే 1,400. జీతం ఆగిన రోజుల్లోనే ఈ బిల్లు వస్తుంది. బంగారం లోన్ ఆలోచనైతే అసలు మనసుకే రానివ్వకండి. తీర్చాల్సింది మళ్లీ ఇదే జీతం నుంచి. తేడా ఏమిటంటే, కట్టలేకపోతే వేలంలో పోయేది అత్తగారి నగలు. మీ తల్లిదండ్రుల ట్రిప్పు కోసం ఆమె మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లడం నాకు ఏ లెక్కన చూసినా సమ్మతం కాదు.

హెచ్1బీ కుటుంబానికి ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉండాలో ఆరు నెలల ఖర్చు అనే లెక్కతో కాదు, 60 రోజుల లెక్కతో మొదలుపెట్టమంటాను. 2017 నుంచి ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94లో (దేశంలో ఉండే అనుమతి పత్రం) ఉన్న గడువు, ఏది ముందైతే అది. ఆలోపు వీసాకు కొత్త స్పాన్సర్ కంపెనీ దొరకాలి, వీసా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. ప్రీస్కూల్, వీకెండ్లు, ఇంటికి పంపేది ఆపేసినా మీకు నెలకు 4,710 తప్పదు, రెండు నెలలకు 9,420. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రాలో, అంటే ఉద్యోగం పోయాక మనమే మొత్తం ప్రీమియం కట్టే పద్ధతిలో, కొనసాగిస్తే కుటుంబానికి నెలకు 1,800, అంతకన్నా ఎక్కువ కూడా పడొచ్చు, 1,800 అనుకున్నా 3,600. ముగ్గురికి తిరుగు టికెట్లు 2,500. కలిపితే 15,000 దాటుతుంది. మీ దగ్గరున్నది 5,200. ఇప్పుడు అదే 60 రోజుల్లో మీ నాన్నగారు కూడా మీ ఇంట్లో ఉన్నారని ఊహించుకోండి.

అమ్మానాన్నల్ని తీసుకురావొద్దని నేను అనడం లేదు. తప్పకుండా తీసుకురండి. మే నుంచి సెప్టెంబరుకు జరపండి, ఆరు నెలల బదులు నాలుగు నెలలు. డాలస్‌లో జులై, ఆగస్టు ఎండలు ఖమ్మం ఎండల్ని మరిపిస్తాయి, పైగా కారు లేకుండా వాళ్లు గడప దాటలేరు. సెప్టెంబరు చివరికి సాయంత్రాలు పాపను తీసుకుని పార్కుకు నడిచే వాతావరణం వస్తుంది. నవరాత్రులు, దీపావళి ఇక్కడే చూస్తారు. ఈలోగా మీకు ఏడు నెలలు దొరుకుతాయి. 700 పెట్టే వీకెండ్లను 300 చేయండి. 401కెలో కంపెనీ మ్యాచ్‌కు (మీరు వేసినదానికి కంపెనీ జోడించేది) మించి వేస్తున్న రెండు శాతం తాత్కాలికంగా ఆపితే చేతికి 150 వస్తుంది. మిగులు 140తో కలిపి నెలకు 690. ఏడు నెలలకు 4,830. టికెట్లకు 3,000, నాలుగు నెలల కాంప్రెహెన్సివ్ ఇన్సూరెన్స్ ఇద్దరికీ 200 చొప్పున 1,600. అప్పు లేకుండా అమరింది, 5,200 ముట్టుకోలేదు. నాన్నగారు రిటైరైన టీచరని రాశారు. టికెట్ డబ్బు తానే పెడతానని ఆయన అంటే పట్టుబట్టి వద్దనకండి.

ఉన్న 9,800 బాకీని మాత్రం జీరో వడ్డీ కార్డుకు మార్చుకోవచ్చు (బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్), మూడు నుంచి ఐదు శాతం ఫీజు పడుతుంది. షరతు ఒక్కటే, కొత్త కార్డుతో ఏమీ కొనకూడదు.

తిరగడం గురించి. ఎల్లోస్టోన్ మానేయండి, డబ్బు కోసం మాత్రమే కాదు. ఆ పార్కులో ఎక్కువ భాగం 7,000 అడుగులకు పైన ఉంటుంది, పెద్ద హాస్పిటళ్లు చాలా దూరం. స్టెంట్ ఉన్న మనిషిని అక్కడికి తీసుకెళ్లే ముందు ఆయన కార్డియాలజిస్టును అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట కనిపించలేదు. అదీకాక 2026 జనవరి నుంచి ఎల్లోస్టోన్ సహా 11 పెద్ద పార్కుల్లో విదేశీ సందర్శకులకు మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. ఒక్క ప్రయాణం చేయండి, వాషింగ్టన్. స్మిత్‌సోనియన్ మ్యూజియాలు, జూ ఉచితం, మెట్రోలో తిరగొచ్చు, నాన్నగారు అలసిపోతే ఎక్కడైనా కూర్చోవచ్చు. దానికి కావాల్సిన 1,500 అక్టోబరు, నవంబరు నెలల మిగులులోంచి వస్తుంది. నయాగరా ఇంకోసారి చూడొచ్చు.

మిగతా రోజులకు మీ ఊళ్లోనే బోలెడు ఉన్నాయి. ఇర్వింగ్‌లో ఏక్తా మందిర్ మీకు ఎంత దూరం? ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీ విగ్రహం దగ్గర నాన్నగారితో ఒక ఫొటో దిగండి. ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో రోజూ రెండుసార్లు పొడవాటి కొమ్ముల ఎడ్లను వీధిలో నడిపిస్తారు, టికెట్ లేదు. పశువుల్ని చూసి పెరిగినవాళ్లు అక్కడ ఎంతసేపు నిలబడతారో చూడండి. డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు కూడా ప్రవేశం ఉచితమే.

అత్తమామల నవంబరు ప్రయాణం వచ్చే ఏడాదికి. 'మా వాళ్ల విషయంలోనే డబ్బు గుర్తొస్తుందా' అని మీ ఆవిడ అడగొచ్చు, అడిగితే అది న్యాయమైన మాటే. అందుకే ఇప్పుడే వాళ్ల పేరుతో ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి ఎంతో కొంత ఆమె చేతే వేయించండి. జనవరి నుంచి ఆ 690లో సగం అందులోకి, సగం ఎమర్జెన్సీ ఫండ్‌లోకి. ఈఏడీ వచ్చి ఆమె ఉద్యోగంలో చేరితే మొదటి ఆరు నెలల జీతం ఫండ్ 15,000 చేరేదాకా కదపొద్దు.

ఈ వారం చేయాల్సింది ఒకటే. నాన్నగారి 2021 డిశ్చార్జి సమ్మరీ, స్టెంట్ కార్డు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఇంగ్లిష్‌లో ఉన్నవి స్కాన్ చేయించి ఖమ్మం నుంచి తెప్పించుకోండి. మీ ఫోన్‌లో, మీ ఆవిడ ఫోన్‌లో ఉంచుకోండి. మీకు నచ్చిన రెండు ప్లాన్ల అక్యూట్ ఆన్‌సెట్ పేరాలు కాపీ చేసి నాకు పంపితే, ఏది కొనాలో చదివి చెబుతాను.