కార్డు ఇచ్చారు, బిల్లు చూపించలేదు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. అవసరానికి ఉంటుందని మావారు తన క్రెడిట్ కార్డు మీద వాడి పేర ఒక యాడ్-ఆన్ కార్డు తీసి ఇచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి బాకీ 38,400 రూపాయలైంది. అందులో 5,000 వాడు ఏటీఎంలో నగదుగా తీసినవి. మావారు మూడు నెలలుగా మినిమమ్, అంటే బిల్లులో కనీసంగా కట్టమనే మొత్తం, మాత్రమే కడుతూ నాకు చెప్పలేదు. సంగతి బయటపడ్డాక కార్డు కత్తిరించి పారేసి, వాడితో మాటలు మానేశారు. ‘మీరే కదా ఇచ్చారు, లిమిట్ దాటలేదు కదా’ అంటాడు వాడు. అమ్మాయి పదో తరగతి. పిల్లలకు ఈ కార్డుల సంగతి ఎలా నేర్పాలి? వాడికి మళ్ళీ ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, ‘లిమిట్ దాటలేదు కదా’ అన్న మీ అబ్బాయి మాట మీకు పెడసరంగా వినిపించి ఉంటుంది. వాడు నిజంగానే అలా నమ్ముతున్నాడని నాకు అనిపిస్తోంది. లిమిట్ అంటే నాన్న తన కోసం పక్కన పెట్టిన సొమ్ము అనుకున్నాడే తప్ప, బ్యాంకు ఎంతవరకు అప్పు ఇవ్వడానికి సిద్ధపడిందో చెప్పే అంకె అని వాడికి ఎవరూ చెప్పలేదు. యాడ్-ఆన్ కార్డు మీద పిల్లలు చేసిన ఖర్చుకు బ్యాంకుకు జవాబుదారీ అసలు కార్డుదారే కాబట్టి బిల్లు సాధారణంగా తండ్రికే వస్తుంది; వాడు ఈ ఆరు నెలల్లో ఒక్క స్టేట్‌మెంట్ అయినా కళ్ళతో చూసి ఉండడు. గీకడం మాత్రమే తెలిసి, కట్టడం ఎన్నడూ చూడని పిల్లవాడికి ఖర్చు బరువు తెలియకపోవడంలో వింత లేదు.

కాబట్టి నేర్పడం ఆ స్టేట్‌మెంట్‌తోనే మొదలుపెట్టండి. ఈసారి వాడు ఇంటికి వచ్చినప్పుడు ఆరు నెలల స్టేట్‌మెంట్లూ కాగితం మీద ముద్రించి, ఒక పెన్సిలు చేతికిచ్చి, వాడి చేతనే వరుసగా చదివించండి. చదువుతున్నంతసేపూ మీరిద్దరూ వ్యాఖ్యానం చేయకండి. ఏది అవసరం, ఏది సరదా, ఏది తనకే జ్ఞాపకం లేదు అన్నది వాడే పెన్సిలుతో గుర్తు పెట్టాలి. నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళలో చాలామంది తడబడేది మూడో రకం దగ్గరే. మరొకటి కూడా తరచుగా బయటపడుతుంది. ఆరుగురు కలిసి బిర్యానీ తింటారు, 2,400 రూపాయల బిల్లు వీడు కార్డు మీద కడతాడు, మిగిలిన అయిదుగురూ తలా నాలుగు వందలు వీడి ఫోనుకు పంపేస్తారు. ఆ రెండు వేలు ఖాతాలో కనబడగానే చేతికి కొత్తగా డబ్బు వచ్చినట్టు ఉంటుంది, రెండు రోజుల్లో ఖర్చయిపోతుంది, కార్డు మీది బాకీ మాత్రం అలాగే నిలుస్తుంది. స్నేహితులు ఎగ్గొట్టలేదు, తను దుబారా చేశానని వాడికీ అనిపించలేదు, అయినా అప్పు పెరిగింది. మీ అబ్బాయి స్టేట్‌మెంట్లో హోటలు పద్దులు పెద్ద మొత్తాల్లో కనిపిస్తే ఈ సంగతి మెల్లగా అడగండి.

తరువాత వడ్డీ లెక్క. నెలకు మూడున్నర శాతం అంటే పిల్లలకు చిన్న అంకెగానే కనిపిస్తుంది. దాన్ని మన ఊళ్ళ భాషలో, నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అని చెప్పండి. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటేనే ఆ ఇంటి గురించి ఊరంతా జాలిపడే మనం, సంవత్సరానికి 42 శాతం అయ్యే ఈ వడ్డీని గమనించకుండా కడుతున్నాం. బ్యాంకును బట్టి రేటు కొంత అటూ ఇటూ ఉంటుంది. మీ కార్డుది స్టేట్‌మెంట్లోనే ఉంటుంది, చూసుకోండి. మూడున్నరే అనుకుంటే 38,400 మీద నెల వడ్డీ 1,344 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 242 రూపాయలు, మొత్తం 1,586. మినిమమ్ నూటికి అయిదు చొప్పున 1,920 కట్టారనుకుంటే, అసలులో తరిగింది సుమారు 334 రూపాయలే. ఈ తీసివేత మీవారు కూడా పక్కన కూర్చుని చూడాలి. మినిమమ్ కడితే ఆలస్య రుసుము తప్పుతుందేమో గానీ, పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా, వడ్డీ లేని గడువు పోయి, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో తీసిన అయిదు వేలకైతే ఆ గడువు మొదటి నుంచీ లేదు. తీసిన నాడే వడ్డీ మొదలవుతుంది, పైగా విడిగా రుసుము ఉంటుంది. నగదు అవసరమైతే కార్డు పెట్టి తీయకుండా ఇంటికి ఫోను చేయాలన్న నియమాన్ని మాత్రం ఖండితంగా చెప్పండి.

మీవారి విషయం కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. ఆయన కార్డు కత్తిరించారు, బాకీ కత్తిరించలేదు. ఇంట్లో ఏడు శాతానికి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏదైనా ఉంటే దాన్ని అలాగే ఉంచి ఇక్కడ 42 శాతం కట్టడం నష్టం. అది రద్దు చేసి బాకీ మొత్తం ఒక్కసారిగా తీర్చేయమనండి. అంత వీలు లేకపోతే బ్యాంకు ఈఎంఐగా మారుస్తుందేమో, దానికి రుసుములతో కలిపి ఎంతవుతుందో లెక్క కట్టి చూడండి. భారమంతా అబ్బాయి నెత్తిన వేయడం న్యాయం కాదు, వడ్డీలో ఎక్కువ భాగం మినిమమ్ కట్టడం వల్ల వచ్చింది కాబట్టి. వాడు నగదుగా తీసిన అయిదు వేలు మాత్రం నెలకు అయిదు వందల చొప్పున పది నెలలు వాడి చేతి ఖర్చులోంచి తిరిగి ఇవ్వనివ్వండి. ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి, ఒక పుస్తకంలో వాడే రాయాలి.

మళ్ళీ ఇవ్వవచ్చా అన్నారు. ఆ పది నెలలూ గడిచాక ఇవ్వవచ్చనే నా అభిప్రాయం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే కార్డులు అమ్మేవాళ్ళు వాడిని వెతుక్కుంటూ వస్తారు, అప్పుడు పక్కన మీరుండరు. తప్పు చేస్తే దిద్దుకోగలిగిన ఈ వయసులోనే నేర్చుకోవడం మేలు. చాలా బ్యాంకులు యాడ్-ఆన్ కార్డుకు విడిగా లిమిట్ పెట్టనిస్తాయి. మూడు వేలతో మొదలుపెట్టండి. ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలను మనమే ఆపుకొనే, తెరుచుకొనే సౌకర్యం ప్రతి కార్డుకూ ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అక్కరలేనివి మూసి ఉంచండి. బిల్లు వచ్చిన నాడే దాన్ని వాడికి పంపండి, తన వాటా మొత్తాన్ని గడువుకు ముందే వాడు తండ్రి ఖాతాకు జమ చేయాలి. ఖాతా నుంచి దానంతటదే బిల్లు చెల్లింపు అయ్యే ఏర్పాటు ఉంటే, అందులో ‘మినిమమ్’ అని కాక ‘మొత్తం బాకీ’ అని ఉందో లేదో మీరే ఒకసారి చూడండి, ఎందుకంటే చాలా ఇళ్ళలో పొరపాటు అక్కడే జరుగుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, కార్డు పోయినా తాను చేయని ఖర్చు కనిపించినా ఆ క్షణమే బ్యాంకుకు తెలపాలని వాడికి తెలిసే ఉంటుంది, అయినా ఒకమాటు అడిగి చూడండి. ఇదంతా ఒక ఏడాది సవ్యంగా సాగితే, చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు వాడి సొంత పేరనే తీసుకోవచ్చు. సిబిల్ వంటి సంస్థల్లో వాడి అప్పు చరిత్ర వాడి పేర అక్కడి నుంచి మొదలవుతుంది, రేపు ఇంటి రుణానికి వెళ్ళినప్పుడు బ్యాంకు చూసేది దాన్నే.

అమ్మాయికి ఇప్పుడు కార్డు ప్రసక్తి అక్కరలేదు. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేర పొదుపు ఖాతాను తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది. అలాంటి ఖాతా ఒకటి తెరిచి, నెలకు ఇచ్చే డబ్బు అందులో వేసి, అయిపోతే మళ్ళీ నెల దాకా ఆగనివ్వండి. అన్న స్టేట్‌మెంట్ చదివే రోజున మాత్రం ఆమెను దూరంగా ఉంచండి. చెల్లెలి ముందు చిన్నబోయిన పిల్లవాడు ఆ కాగితంలో ఏమీ నేర్చుకోలేడు.

ఇవన్నీ వాడు సెలవులకు వచ్చాక. ఈ రాత్రికి మీవారి చేత ఒక ఫోను చేయించండి. ‘మూడు నెలలు మినిమమ్ కట్టి ఊరుకోవడం నా పొరపాటు, నీకు బిల్లు చూపించకపోవడం కూడా’ అని ముందు ఆయన అంటే, ఆ అయిదు వేలు ఎందుకు తీశాడో వాడు తనంతట తానే చెప్పవచ్చు. చెబితే మధ్యలో ఆపకుండా విననివ్వండి.