అద్దంలోనైనా సరే, చూసి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మూడు కథలూ చదివాను. వాటితో పంపిన ఉత్తరం రెండుసార్లు చదివాను. అభిమాన రచయిత వాక్యాలే నీ కలంలోంచి వచ్చేస్తున్నాయని, ఇది దొంగతనం కిందికి వస్తుందేమోనని కుమిలిపోయావు. నేనూ ఆ బాధ పడ్డవాణ్ణే. అందుకే నీకు ఒక వయొలిన్ విద్వాంసుడి సంగతి చెప్పాలనిపించింది.

లూయిస్ ష్పోర్ 1784లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టాడు. అతనికి పంతొమ్మిదేళ్లప్పుడు పియర్ రోడ్ అనే ఫ్రెంచి విద్వాంసుడు ఆ ఊరొచ్చి వాయించాడు. అది విన్నాక ష్పోర్‌కి వేరే ధ్యాస లేకపోయింది. రోడ్ బాణీ పట్టుబడేదాకా సాధన చేశాడు. తనదంటూ ఒక బాణీ మెల్లగా ఏర్పడేవరకు, ఆనాటి కుర్రవాళ్లలో రోడ్‌ని తనంత నమ్మకంగా అనుకరించినవాడు లేడని స్వీయచరిత్రలో తనే రాసుకున్నాడు. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. 1804 డిసెంబరులో లైప్‌జిగ్‌లో చేసిన కచేరీతో జర్మనీ అంతా అతని పేరు మోగింది. తర్వాత పెద్ద వాద్యబృందం (ఆర్కెస్ట్రా) కోసం 9 సింఫనీలు, నలుగురు కలిసి వాయించే క్వార్టెట్లు 36, ఆర్కెస్ట్రా తోడుగా వయొలిన్ ముందు నడిచే కన్చర్టోలు పదికి పైగా రాశాడు. వయొలిన్ మీద గడ్డం ఆనించుకునే చెక్క కూడా ఆయన ఆలోచనే. (మనవాళ్లు కింద కూర్చుని వయొలిన్ కొసను పాదం మీద ఆనించి వాయిస్తారు కనుక దాని విలువ మనకు అంతగా తెలియదు.)

కాబట్టి వాక్యం గురించి బెంగ పెట్టుకోకు. చెయ్యి తిరిగేదాకా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిందే. నా బెంగ వేరే.

1808లో జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్, రష్యా చక్రవర్తి (జార్), జర్మన్ రాజులు సమావేశమయ్యారు. వాళ్ల కోసం ఫ్రెంచి నటులు నాటకాలు వేస్తున్నారు, మామూలు జనానికి ప్రవేశం లేదు. ష్పోర్ తన శిష్యులతో వెళ్లి, ఆర్కెస్ట్రా వాళ్లను ఒప్పించి వాళ్ల స్థానాల్లో కూర్చునే ఏర్పాటు చేసుకున్నాడు. చిక్కేమిటంటే తన వంతుకి కొమ్ము వాద్యం వచ్చింది. అది అంతకుముందు ఎన్నడూ ముట్టనిది. ఒక్క రోజులో, పెదాలు వాచి నల్లబడేలా ఊది నేర్చుకున్నాడు. తీరా వెళితే వాద్యకారులు వెనక్కి తిరిగి చూడకూడదని ఆంక్ష! ముందే విని ఉన్నాడు కనుక చిన్న అద్దం వెంట తీసుకెళ్లాడు. వెనక కూర్చున్న ఆ రాజుల్లో ఒక్కొక్కరి మొహమే అందులోంచి చూశాడు. ఎంత ఆరాటమో చూడు, కళ్లారా చూడాలని!

అదే మనిషి 1823లో జర్మనీలోని కాసెల్‌లో ‘జెస్సోండా’ అనే ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ప్రదర్శించాడు. కథ జరిగేది మన గోవాలో. రాజా చనిపోయాడు, భార్యను చితి మీదికి పంపబోతున్నారు. నగరాన్ని ముట్టడించిన పోర్చుగీసు సేనాని ఆమె పాత ప్రియుడు, అతనే కాపాడతాడు. మాటలు రాసింది వేరొకరు, మూలం ఒక ఫ్రెంచి నాటకం. ష్పోర్ మన దేశం గడప తొక్కలేదు. సంగీతం నాకు చాలా ఇష్టం. కానీ జెస్సోండా, నాదోరి, దందౌ... ఈ పేర్లు ఏ వీధిలో వినపడతాయి? జర్మనీలో దశాబ్దాలు ఆడిన ఆ ఒపెరాలో మన మనిషి ఒక్కడూ నాకు కనపడడు. అక్కడికి అద్దం వెళ్లలేదు.

నీ రెండో కథలో ఎడారిలో ఒంటెలు కాసే మనిషి అలాంటివాడే. నువ్వు గల్ఫ్ వెళ్లలేదు. అతని చెమట, ఇసుక, ఏడుపు అన్నీ ఎక్కడో చదివినవే. మూడో కథలో మీ అమ్మ రేషన్ షాపులో వేలిముద్ర పడక, కొంగుతో బొటనవేలు మళ్లీ మళ్లీ తుడుచుకుంటుంది. ఆ వాక్యం బాణీ అరువుదే, వేలు మాత్రం మీ అమ్మదే. అక్కడ చదవడం ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఒంటెల కథ చింపెయ్యకు, పక్కన పెట్టు. మీ మండలంలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. వెళ్లి వాళ్లింట కూర్చో. నోటుపుస్తకం తియ్యకు. అక్కడ నీళ్లు ఎలా దాచుకునేవాళ్లో, రాత్రి ఎవరితో మాట్లాడేవాళ్లో అడుగు. నాలుగైదుసార్లు వెళ్లాక మళ్లీ రాసి పంపు.