డుబ్రోవ్నిక్ వెళ్లండి, కానీ చిట్టీ పాడి మాత్రం వద్దు

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం, కలిపి నెలకు లక్షన్నర వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 34 వేలు, చిట్టీకి 10 వేలు, ఇంటి ఖర్చులు పోను 50 వేల దాకా మిగులుతుంది. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి. పాపకు పదేళ్లు. ఈ మే సెలవుల్లో క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ కోట నగరం చూడాలని ఉంది. 5 లక్షల చిట్టీకి 50 నెలల్లో 14 కట్టాం. ఇప్పుడు పాడితే 1.3 లక్షల దాకా కోత పడుతుందంటున్నారు. పాడెయ్యమంటారా, ఎఫ్‌డీ తియ్యమంటారా?

జవాబు: రెండూ వద్దండీ. వచ్చే ఏడాది మేకి పెట్టుకోండి.

ముందు కోత సంగతి చూద్దాం. ఆ 1.3 లక్షలతో డుబ్రోవ్నిక్‌లో మీ ముగ్గురికీ ఏడు రాత్రుల గది అద్దె కట్టేసి ఇంకా మిగుల్చుకోవచ్చు. పైగా చిట్టీ ఎత్తుకున్నాక ఇంకా 36 నెలలు కడుతూ ఉండాలి, షూరిటీల కోసం తెలిసినవాళ్లను బతిమాలాలి. ఎఫ్‌డీ అంటారా, మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఏమైనా అయితే ఈఎంఐతో కలిపి నాలుగు నెలలు ఇల్లు నడిచేది దానితోనే, ట్రిప్ కోసం దాని జోలికి వెళ్లొద్దు. రెండు నెలల్లో వీసా తెచ్చుకుని, సీజన్ రేటుకి టికెట్లు కొని పరుగెత్తడం కూడా అనవసరమైన టెన్షన్.

ఇప్పుడు ఖర్చు. ఇది నా అంచనా, యూరోకి 110 రూపాయలు వేశాను. ఇండియా నుంచి డుబ్రోవ్నిక్‌కి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, మధ్యలో మారాలి, మనిషికి 80 వేలు అనుకుంటే టికెట్లకే 2.4 లక్షలు. గదికి రోజుకు 110 యూరోలు, తిండికి 80, తిరగడానికీ కోటకీ మొత్తం మీద 300, అన్నీ కలిపి 1.9 లక్షల దగ్గర తేలుతుంది. క్రొయేషియాకి షెంగెన్ వీసా కావాలి, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా. దాని ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, వచ్చే మేకి కూడా మీ పాపకు సగం ఫీజే. సర్వీస్ ఛార్జీలు, తప్పనిసరి ట్రావెల్ ఇన్సూరెన్స్ కలిపి 35 వేలు పెట్టుకోండి. చేతిలో ఇంకో 40, 50 వేలు ఉంచుకుంటే ఐదు లక్షల పైచిలుకు అవుతుంది.

ఏప్రిల్ నుంచి రెండు ఆర్‌డీలు మొదలుపెట్టండి. ఒకటే వేస్తే చిక్కేమిటంటే, టికెట్ల డబ్బు జనవరిలోనే కావాలి, అది కాస్తా ఏప్రిల్ దాకా చేతికి రాదు. అందుకని నెలకు 27 వేల చొప్పున తొమ్మిది నెలలది టికెట్లకు, 16 వేల చొప్పున పన్నెండు నెలలది అక్కడి ఖర్చులకు. మొదటిది ముగిశాక ఆ 27 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉండనివ్వండి, వీసా ఖర్చు కొంత ముందుగా తగిలినా మీ మిగులులోంచి సర్దుకుని దీనితో పూడ్చుకోవచ్చు. వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తారు, దరఖాస్తుకి వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి లక్షలు వేస్తే అనుమానం వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి డిసెంబర్‌లో పెట్టేయండి. గది ఉచితంగా క్యాన్సిల్ చేసుకునేలా తీసుకోండి, రీఫండ్ రాని టికెట్ మాత్రం వీసా చేతికొచ్చాకే కొనండి. వీసా రాకపోతే ఫీజు వెనక్కి ఇవ్వరు, టికెట్ కూడా పోతే మరీ దారుణం.

గది కోట లోపల తీసుకోవద్దు. రేట్లు ఎక్కువ, పైగా అక్కడ చాలా ఇళ్లు మెట్ల సందుల్లో ఉంటాయి, పెద్ద సూట్‌కేసులు మోసుకుంటూ ఎక్కాలి. లాపాద్ లేదా గ్రూజ్ వైపు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి, సిటీ బస్సులో కోట ద్వారమైన పిలె గేటు దగ్గర దిగొచ్చు. ఆవకాయ, పొడులు సరే కానీ నెయ్యి, మటన్ పచ్చడి సర్దకండి, మన దగ్గర్నుంచి మాంసం, పాల పదార్థాలు ఈయూలోకి రానివ్వరు.

గోడల మీద నడకకి పెద్దవాళ్ల టికెట్ సీజన్లో 40 యూరోల దాకా ఉంటోంది. దాదాపు అదే ధరకి వచ్చే డుబ్రోవ్నిక్ పాస్‌లో గోడలతో పాటు మ్యూజియాలు, సిటీ బస్సు కూడా కలిసి ఉంటాయి, అదే తీసుకోండి. గోడ చుట్టూ 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి, నీడ పెద్దగా ఉండదు. పొద్దున్నే తెరవగానే ఎక్కేయండి, ఓడల్లో వచ్చే జనం ఇంకా దిగి ఉండరు. పిలె గేటు లోపలే ఒనోఫ్రియో ఫౌంటెన్ ఉంటుంది, ఆ నీళ్లు తాగొచ్చు, సీసాలు అక్కడే నింపుకుంటే గోడ పైన ఒక్కో సీసాకి యూరోలు పోయక్కర్లేదు.

కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని మెషిన్ అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్లిష్టం వచ్చిన రేటు వేస్తారు. మామూలు క్రెడిట్ కార్డుల మీద ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జీ, 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ, కాబట్టి ముందే తక్కువ మార్కప్ కార్డొకటి చూసుకోండి. ఏజెంట్ దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటారు, భయపడొద్దు, రిటర్న్‌లో చూపిస్తే మీ పన్నులో సర్దుబాటవుతుంది.

చివరిగా ఒక్కటి, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. అక్కడికెళ్లాక మోంటెనెగ్రోలోని కోటోర్‌కో, బోస్నియాలోని మోస్తార్‌కో ఒక్కరోజు టూర్ అని ఊరిస్తారు. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లో ఉంది, ఆ రెండు దేశాలూ లేవు. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే సరిహద్దు దాటాక తిరిగి క్రొయేషియాలోకి రానివ్వరు, మీ సూట్‌కేసులేమో లాపాద్‌లో ఉంటాయి. అటు వెళ్లాలని ఉంటే దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, వచ్చిన వీసా మీద అదే ఉందో లేదో చూసుకున్నాకే ఆ టూర్‌కి డబ్బు కట్టండి.