మిషన్ రిపేర్లు: ట్రిగ్గర్ పక్కకు వాల్చితేనే తిరిగే రందా

ప్రశ్న: అన్నా, నేను దర్వాజలు, కిటికీలు చేస్తా. చెక్క చిత్రిక పట్టే నా కరెంటు రందా 82 ఎం.ఎం.ది, 580 వాట్లు. ఇన్నేళ్లు మంచిగనే నడిచింది. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కితే ఒకసారి తిరుగుతది, ఒకసారి తిరగదు. ఎడమ దిక్కు వాల్చి గట్టిగ నొక్కితే లేస్తది. పిడి వేడెక్కి కాలిన వాసన కూడా వస్తున్నది. ఇక్కడి మెకానిక్ మోటార్ల తిరిగే ఆర్మేచర్ పోయిందన్నడు. నాతోటి పనోడేమో స్విచ్ తీసేసి డైరెక్ట్ కొట్టుకో అంటున్నడు. ఏం చెయ్యమంటవు?
— ఒక వడ్రంగి, జనగామ

జవాబు: తమ్ముడూ, ఆర్మేచర్ డబ్బులు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకో. ఆర్మేచర్ కాలితే ట్రిగ్గర్‌ను ఎటు వాల్చినా ఒకటే. ఆర్మేచర్‌కు కరెంటు అందించే కార్బన్ల దగ్గర నిప్పురవ్వలు చుట్టూ రింగులా తిరుగుతాయి, గాలి కంతల్లోంచి వార్నిష్ మాడిన వాసన వస్తుంది, మిషన్ ఊపు తగ్గుతుంది. నీకు వేడెక్కుతున్నది పిడి. అక్కడ ఉండేవి స్విచ్, దానికొచ్చే వైరు. దొంగ ఆ ఇద్దరిలోనే ఉన్నాడు.

డైరెక్ట్ మాట మాత్రం మర్చిపో. రందా బ్లేడ్లు నిమిషానికి పదహారు వేల చుట్లు తిరిగేవి. పనిలో ఉండగా కరెంటు పోతుంది, నువ్వు రందాను బల్ల మీద పెట్టి చాయ్‌కి పోతావు, బోర్డు ఆపడం మరిచిపోతావు. కరెంటు రాగానే అది బల్ల మీద పరుగు పెడుతుంది. చిన్నపిల్లలు పొట్టులో ఆడుకునే చోట ఇలాంటి మిషన్లు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. మా షాపుకు డైరెక్ట్ చేసిన మిషన్ వస్తే, స్విచ్ వేయించుకోనన్నవాళ్లకు రిపేరు చేయకుండానే వెనక్కి ఇచ్చేస్తాం.

ఇక పని. ప్లగ్ పీకెయ్. ఆపివేయడం కాదు, పీకెయ్. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో, అంటే కరెంటుకు ఎంత అడ్డుందో కొలిచే చోట పెట్టి దాని కడ్డీలు రెండూ ప్లగ్ పిన్నులకు ఆనించు. ట్రిగ్గర్ నొక్కితే కొన్ని ఓమ్స్ చూపాలి, వదిలితే ఏమీ చూపకూడదు. నొక్కి పట్టుకునే, వైరు పిడిలోకి దూరే చోట, ఆ రబ్బరు గొట్టం దగ్గర, అటూ ఇటూ వంచు. అంకె మాయమై మళ్లీ వస్తే స్విచ్‌ది తప్పు కాదు, లోపల రాగి పోగులు తెగాయి. మా దగ్గరికి ‘స్విచ్ పోయింది’ అని వచ్చే వాటిలో చాలా వాటికి ఇదే జబ్బు. తెగిన చోటు దాటి వైరు కోసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

వైరు బాగుంటే పిడి స్క్రూలు విప్పి మూత తీయి. పొట్టు గడ్డకట్టి ఉంటుంది, బ్రష్‌తో దులుపు. తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్లో రెండు ఫొటోలు తీసిపెట్టుకో, తర్వాత నాకు దండం పెడతావు. స్విచ్‌కు రెండు కాళ్లుంటే మీటర్ వాటి మధ్య పెట్టు. నాలుగుంటే అది ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ తెంచే రకం, ఒక్కో జతను విడిగా చూడు. నొక్కినప్పుడు మీటర్ సున్నాకు ఆనుకోవాలి. ట్రిగ్గర్‌ను నిదానంగా, పక్కకు వాల్చుతూ నొక్కు. 1, 2 ఓమ్స్ అని ఊగిసలాడితే స్విచ్ లోపల ఒకదానికొకటి ఆనే పాయింట్లు కాలాయి. రెండు ఓమ్సేగా అనుకోకు. నీ మిషన్ రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. లెక్క వేస్తే దాదాపు 12 వాట్లు ఆ స్విచ్‌లోనే వేడిగా మారతాయి. జీరో బల్బును గుప్పిట్లో పట్టుకున్నట్టే. పిడి కాలుతోందంటే ఇదే కారణం.

కొందరు స్విచ్ విప్పి పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్దుతారు. ఆ పాయింట్ల మీద వెండి పూత ఉంటుంది, అది పోతే నాలుగు రోజుల ముచ్చటే. నూనె స్ప్రేలు అసలే వద్దు, పొట్టు దానికి అంటుకుని ముద్దవుతుంది.

కొత్త స్విచ్ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకుపో. దగ్గర్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతుకు. ఆకారం ఒకటే చూసి తెచ్చుకోకు, పక్కన రాసినది చదువు. 8(8) ఆంపియర్లు అని ఉంటే, బ్రాకెట్లోది మోటార్ లోడుకు సంబంధించినది, మనకు కావలసింది అదే. ‘5ఈ4’ (5E4) అని ఉంటే 50,000 సార్లు నొక్కేందుకు పరీక్షించినది, ‘1ఈ4’ (1E4) అయితే 10,000. రోజంతా రందా పట్టేవాడికి మొదటిదే మేలు.

బిగించేటప్పుడు ఫొటో చూసుకుంటూ ఒక్కో తీగ మార్చు. స్విచ్ దగ్గర చిన్న కెపాసిటర్ ఉంటే పారేయకు, అలాగే పెట్టు. ఉబ్బినా పగిలినా అదే రకంది మార్చు. తీగలను మూత అంచు కిందా, స్క్రూ దిమ్మ కిందా నలగనీయకు. లోపల ఫ్యాన్‌కు దూరంగా సర్దు. బిగించాక ప్లగ్ పెట్టకముందే మీటర్‌తో ఒకసారి చూడు: ట్రిగ్గర్ వదిలితే ఓపెన్ ఉందా, అంటే మీటర్ ఏమీ చూపకుండా ఉందా లేదా అన్నది ముఖ్యం.

స్విచ్ ఎందుకు కాలిందో కూడా చూసుకో. బ్లేడ్లను చెక్కకు ఆనించి ట్రిగ్గర్ నొక్కే అలవాటుంటే మానెయ్. మోటార్ కదలని ఆ క్షణంలో మామూలు కంటే చాలా రెట్లు కరెంటు లాగుతుంది, అది మొత్తం పాయింట్ల మీదుగానే పోతుంది. గాల్లో తిప్పి, వేగం అందుకున్నాక టేకు మీద పెట్టు. కార్బన్లు అరిగి పొట్టివైతే వాటినీ ఈ ఊపులోనే మార్చెయ్, జతగా.

ప్రశ్న: రిటైరయ్యాక పాత ఒక హెచ్.పి. సింగిల్ ఫేజ్ మోటారుతో బల్ల రంపం చేసుకున్నాను. ఇంట్లో వాడే 6 ఆంపియర్ల స్విచ్ పెడితే రెండుసార్లు కాలిపోయింది. 16 ఆంపియర్లది పెడితే సరిపోతుందా?
— ఒక మాస్టారు, కాకినాడ

జవాబు: కాలకుండా కొంతకాలం నిలుస్తుంది మాస్టారూ, కానీ నేనైతే అది పెట్టను. ఆ మోటారు నడిచేటప్పుడే 6 ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది, లేచేటప్పుడు దానికి ఐదారు రెట్లు. మీకు కావలసింది పచ్చ, ఎర్ర బటన్ల డీ.ఓ.ఎల్. (డైరెక్ట్ ఆన్‌లైన్) స్టార్టర్, మీ మోటారు ఆంపియర్లకు తగిన ఓవర్‌లోడ్ రిలేతో, అంటే కరెంటు మితిమీరి లాగితే మోటారును ఆపేసే దానితో. కరెంటు పోగానే అందులోని కాయిల్ వదిలేస్తుంది, తిరిగొచ్చినా మీరు పచ్చ బటన్ నొక్కేదాకా రంపం కదలదు. ఎర్ర బటన్‌ను బల్ల కింద ముందు వైపు, మోకాలితో నొక్కగలిగే ఎత్తులో పెట్టించుకోండి. చెక్క ఇరుక్కున్నప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండవు. ఇనుప ఫ్రేముకు ఎర్తింగ్ ఉందో లేదో మీ ఉత్తరంలో రాయలేదు, లేకపోతే స్టార్టర్ కంటే ముందు ఆ పని చేయించండి.