వేలు కదలకముందే మెదడు నిర్ణయించేస్తుందా?

ప్రశ్న: మనం నిర్ణయం తీసుకున్నామని అనుకునే లోపే మెదడు దాన్ని తీసేసుకుంటుందని ప్రయోగాల్లో తేలిందట. అలాగైతే మన ఇష్టం అనేదంతా భ్రమేనా?

జవాబు: ఈ మాటకు మూలం బెంజమిన్ లిబెట్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగం. గడియారం లాంటి తెరమీద ఒక చుక్క 2.56 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంటుంది. కూర్చున్నవారు తోచినప్పుడు చెయ్యి కదపాలి, కదపాలనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పాలి. మెదడు విద్యుత్ సంకేతం కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. వాళ్లు చెప్పిన క్షణం మాత్రం 200 మిల్లీసెకన్ల ముందుది. గొడవంతా ఈ తేడా గురించే.

కానీ ఆ సంకేతం ఒక్కసారి కొలిస్తే రొదలో కలిసిపోతుంది. అందుకే 40 సార్లు చేయించి, కదలిక మొదలైన క్షణాన్ని ఆనవాలుగా పెట్టుకుని వెనక్కి సగటు తీస్తారు. చిక్కు ఇక్కడే ఉంది. మెదడులో చురుకుదనం ఏ కారణమూ లేకుండానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అది ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుందనుకోండి. దాటిన సందర్భాలనే ఏరి సగటు తీస్తే, ముందు నుంచీ మెల్లగా ఎక్కుతూ వచ్చినట్టే గీత పడుతుంది. ఆరన్ షర్గర్ బృందం 2012లో ఈ లెక్కతోనే దాదాపు అలాంటి గీతను రాబట్టింది. కాబట్టి గీత మొదలైన చోటే నిర్ణయం జరిగిపోయిందనడం తొందరపాటు.

2008లో ఎమ్మారై స్కాన్లతో, కుడి మీట నొక్కుతారా ఎడమదా అన్నది కొన్ని సెకన్ల ముందే ఊహించగలిగారు. నిజమే, కానీ సరిపోయింది నూటికి 60 సార్లు. గుడ్డిగా చెప్పినా 50 సరిపోతాయి. దాన్ని మొగ్గు అనవచ్చు, అంతకుమించి కాదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 2019 నాటి యూరి మావొజ్ బృందం పని. ఏ సంస్థకు నిజంగా విరాళం వెళ్లాలో ఎంచుకోమన్నప్పుడు ఆ ముందస్తు సంకేతం దాదాపు కనిపించలేదు. ఏది నొక్కినా ఒకటే అయినప్పుడే కనిపించింది. ఊరికే వేలు కదపడం గురించి తెలిసినదాన్ని ఉద్యోగానికీ పెళ్లికీ అంటగట్టకూడదు.

ప్రశ్న: క్లిష్టమైన నిర్ణయాన్ని ఆలోచించకుండా అంతర్మనసుకు వదిలేస్తే మేలా?

జవాబు: 2006లో ఒక ప్రయోగం చేసినవారు అలా చెప్పారు. నాలుగు కార్లు, ఒక్కోదానికి 12 వివరాలు చూపించి ఒకటి ఎంచుకోమన్నారు. నాలుగు నిమిషాలు పజిళ్లు చేసినవారే, ఆలోచించినవారికన్నా మంచి కారును ఎంచుకున్నారన్నారు. 2015లో 399 మందితో మళ్లీ చేస్తే ఆ మేలు కనబడలేదు. పైగా ఆ ప్రయోగంలో వివరాలు ఒక్కొక్కటే చూపించి తీసేశారు. మనసులో ఒకేసారి నిలిచేవి నాలుగైదుకు మించవు. మీరైతే వివరాలన్నీ కాగితం మీద పట్టికగా రాసి, ఏ వివరం ఎంత ముఖ్యమో, ఎంచుకోవాల్సినవాటి పేర్లు చూడకముందే మార్కులు వేసుకోండి. పేర్లు చూశాక వేస్తే, అప్పటికే నచ్చినదాని వైపు ఆ మార్కులు జరిగిపోతాయి.