ఎవరో వదిలేసిన గీత అనుకోకు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మాదాపూర్‌లో బిమ్ ఆఫీసులో, అదే భవనాలను కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా చేసే చోట, నీకు ఉద్యోగం వచ్చిందట. మొదటి పనే ఆ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ రివిట్‌లోని పాత లైబ్రరీ విప్పి, ఏ ఫ్యామిలీని (తలుపు, స్విచ్చు లాంటి వస్తువుకు ముందే చేసిపెట్టిన ఫైలు) ఎలా తయారుచేశారో తెలుసుకుని రాసిపెట్టి, తర్వాత శుభ్రం చేయడమట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ 'శుభ్రం చేయడం' అన్న మాట వినగానే మాత్రం నిద్ర పట్టలేదు. పద్దెనిమిదేళ్లు ఆ పనిలో ఉన్నదాన్ని. అందుకే తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను.

ఏ ఫైలైనా తెరిచే ముందు కాపీ తీసుకో. రివిట్‌లో పాత ఫైలును కొత్త వెర్షన్‌లో సేవ్ చేస్తే మళ్లీ పాత దాంట్లో తెరుచుకోదు. ఎప్పటి వెర్షన్‌లో చేశారన్న ఆధారం కూడా దాంతోనే పోతుంది. రివిట్ 2000లో వచ్చింది, 2002లో ఆటోడెస్క్ కొనుక్కుంది. కాబట్టి మీ లైబ్రరీలో నీ వయసున్న ఫ్యామిలీలు కూడా ఉండొచ్చు. పెద్దవాళ్లను ముట్టుకున్నట్టే ముట్టుకో.

ఫ్యామిలీని ఏ టెంప్లేట్‌తో, అంటే ఏ ఖాళీ నమూనా ఫైలుతో మొదలుపెట్టారో పేరు ఎక్కడా రాసి ఉండదు, ఆనవాళ్లు పట్టుకోవాలి. ఏదీ సెలెక్ట్ చేయకుండా ప్రాపర్టీస్‌లో హోస్ట్ అన్న గడి చూడు. వాల్ అని ఉంటే గోడ టెంప్లేట్, ఫేస్ అని ఉంటే ఫేస్ బేస్డ్, అంటే ఏ తలానికైనా తగిలేది. అది తర్వాత మార్చేది కాదు. గోడకు పుట్టినది గోడకే. ప్రాజెక్టులో ఆ గోడను తీసేస్తే దాని మీది స్విచ్చులు, వాష్‌బేసిన్లు కూడా పోతాయి. ఆర్కిటెక్ట్ మోడల్ లింక్‌గా, అంటే వేరే ఫైలుగానే ఉండి మన ఫైలుకు జతై వస్తే ఆ గోడకు తగిలించడానికే వీలుండదు, ఫేస్ బేస్డ్ అయితే తగులుతుంది. అందుకే ఎంఈపీ వాళ్లు, అంటే ఏసీ, కరెంటు, ప్లంబింగ్ చూసేవాళ్లు, ఫేస్ బేస్డ్ అడుగుతారు.

ఆకారాన్ని సెలెక్ట్ చేసినప్పుడు 'ఎడిట్ ఎక్స్‌ట్రూజన్' అన్న బటన్ వస్తే రివిట్‌లోనే గీశారని అర్థం. ఇంపోర్ట్ సింబల్ అని వస్తే క్యాడ్ నుంచి, అంటే వేరే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చి పెట్టారు. కొందరు తెచ్చి, పేల్చి (ఎక్స్‌ప్లోడ్ చేసి, విడి గీతలుగా విడగొట్టి), ఆనవాళ్లు చెరిపేశామనుకుంటారు. మెటీరియల్స్‌లో 'రెండర్ మెటీరియల్ 255-0-0' లాంటిది ఉందేమో, లైన్ ప్యాటర్న్‌లలో 'ఇంపోర్ట్' అని మొదలయ్యే పేర్లున్నాయేమో చూడు. ఉంటే లోపలికి క్యాడ్ వచ్చి వెళ్లిందన్నమాట. ఈ వెతుకులాట నాకు ఎంత ఇష్టమో! మనకు తెలియని మనిషి చేతిరాత చదివినట్టు ఉంటుంది. ఫ్యామిలీ టైప్స్‌లో ఫార్ములాలు చూస్తే ఆ మనిషి ఎలా ఆలోచించాడో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2011లో ఒక హాస్పిటల్ ప్రాజెక్టు చేస్తున్నాం. అందులో ఒక తలుపు ఫ్యామిలీ, నాకంటే ముందున్న సీనియర్ చేసి వెళ్లిపోయారు. తెరిస్తే రిఫరెన్స్ ప్లేన్లు, అంటే ఆకారాలకూ కొలతలకూ ఆధారంగా గీసే గీతలు, కుప్పగా ఉన్నాయి. అందులో ఒక జత, ఫ్రేముకు రెండు పక్కలా 25 మిల్లీమీటర్ల అవతల ఉంది. పేరు లేదు. ఏ ఆకారమూ వాటికి లాక్ అయి లేదు. వెడల్పు మార్చి చూశాను, అవీ కదిలాయి గానీ వాటితో పాటు ఇంకేదీ కదల్లేదు. ఎవరో గీసి మర్చిపోయారనుకున్నాను. తీసేశాను. ఫ్యామిలీ ఎంత నీట్‌గా ఉందో చూసుకుని మురిసిపోయాను కూడా.

ప్రాజెక్టులోకి లోడ్ చేస్తే, కొలతల రిఫరెన్సులు చెల్లకుండా పోయాయని హెచ్చరిక వచ్చింది. కింద డిలీట్ బటన్. టైము రాత్రి తొమ్మిదిన్నర, బస్సు పోతుందని టెన్షన్. నొక్కేశాను.

అవి మేస్త్రీ గోడలో వదలాల్సిన ఖాళీని చూపించే గీతలు నాన్నా. ప్లాన్లలో తలుపుల కొలతలన్నీ వాటి నుంచే వేసి ఉన్నాయి. మూడు అంతస్తుల్లో అవన్నీ ఎగిరిపోయాయి. మర్నాడు ఒక కుర్రాడు కొలతలు లేవని గమనించి, పాపం మంచి మనసుతోనే, ఫ్రేము అంచుల నుంచి మళ్లీ వేశాడు. ప్రతి తలుపుకూ 50 మిల్లీమీటర్లు తక్కువ. అదే సైటుకు వెళ్లింది. పదిహేడు తలుపుల దగ్గర గోడలు లేచాక ఫ్రేములొచ్చాయి, ఒక్కటీ పట్టలేదు.

నన్ను సైటుకు పంపారు. మేస్త్రీ తను కట్టిన గోడను తనే చెక్కుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, "డ్రాయింగ్‌ల గిట్లనే ఉందమ్మా" అని చూపించాడు. తప్పు తనది కాదని నాకు చెప్పుకోవాల్సి వచ్చింది ఆ పెద్దమనిషికి. అది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ రాత్రి పాత కాపీ తెరిచి ఆ ప్లేన్లను మళ్లీ చూశాను. 'ఈజ్ రిఫరెన్స్' దగ్గర స్ట్రాంగ్ అని ఉంది. మామూలుగా గీస్తే అది వీక్ అని వస్తుంది. అంటే ఎవరో కావాలనే మార్చారు, ప్రాజెక్టులో కొలత వేసేవాళ్లకు ముందు ఆ గీతే తగలాలని. ఆధారం కళ్ల ముందే ఉంది, నేను చూడలేదు. ఆ సీనియర్‌కు ఫోన్ చేస్తే, ఆయన నిమిషంలో చెప్పారు, సైటు వాళ్లు అడిగితే పెట్టానని. ఆ ఫోన్ ముందే చేయొచ్చు కదా నేను.

అందుకే నువ్వు ఏ ప్లేన్ తీసినా, ముందు పేరూ ఈజ్ రిఫరెన్సూ చూసి నోట్సులో రాసుకో. తీసేశాక, కొలతలున్న ప్రాజెక్టు కాపీలోకి లోడ్ చేసి చూడు. ఖాళీ ఫైల్లో చూసి బాగుందనుకోకు. రాత్రి తొమ్మిది దాటాక ఏ హెచ్చరిక వచ్చినా క్యాన్సిల్ కొట్టి ఇంటికి వెళ్లిపో. ఎవరేమన్నా సరే, నా పేరు చెప్పు.

ఇంకో మాట. షేర్డ్ పారామీటర్ల (చాలా ఫ్యామిలీలు కలిసి వాడుకునే వివరాల గడుల) టెక్స్ట్ ఫైలు పోయిందని అదే పేరుతో కొత్తది సృష్టించకు. పేరు ఒకటే అయినా లోపలి గుర్తింపు సంఖ్య వేరు, షెడ్యూల్లో, అంటే ప్రాజెక్టులోని వివరాల పట్టికలో, పాత విలువలు కనిపించవు. ఫ్యామిలీలో ఉన్నదాన్నే ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.

మధ్యాహ్నం అన్నం మానేసి స్క్రీను ముందు కూర్చుంటావని నాకు తెలుసు, ఇంటర్‌లోనూ అంతే చేశావు. డబ్బా పంపమంటే పంపుతాను, మొహమాటపడకు. ఆ లైబ్రరీ చేసినవాళ్లలో ఎవరైనా ఇంకా ఆఫీసులో ఉన్నారేమో సోమవారమే అడిగి, వాళ్లతో ఒక టీ తాగు.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. మొదటి వారంలో పేరు లేని ప్లేన్లు ఎన్ని దొరికాయో, వాటిలో స్ట్రాంగ్ అని ఉన్నవి ఎన్నో చెప్పు. కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ