‘వాకిట్లో వదిన’ ఎక్కడ నిలబడింది?

సందేహం: మా అమ్మమ్మ వాళ్ళది కనిగిరి దగ్గర పల్లెటూరు. నేను పుట్టిందీ పెరిగిందీ రాజమండ్రిలో. ఈ మధ్య అమ్మ పెట్టెలో అమ్మమ్మ అత్తగారింటి పాత ఫొటో ఒకటి దొరికింది. వెనక సిరాతో ఇలా రాసి ఉంది: “విజయ సం. సంక్రాంతి. కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా. మన మిద్దె. వాకిట్లో వదిన, చంకన పాప. పంచలో నాయన.” తీరా చూస్తే వాకిట్లో ఎద్దులబండి తప్ప మనుషులు లేరు. చంటిబిడ్డను ఎత్తుకున్నావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడే అమ్మమ్మ, చంకలో ఉన్నది పెద్దమ్మ అంటుంది అమ్మ. ఇంటికి మేడ కూడా లేదు. విజయ అంటే 1953 అని తెలిసింది, కానీ పెద్దమ్మ పుట్టిందే 1953 ఆగస్టులో! ఈ రాత వేరే ఫొటోదేమో అని అనుమానం. కుటుంబ ఆల్బమ్ అచ్చు వేయిస్తున్నాం, ‘గుమ్మంలో’ అనీ ‘ప్రకాశం జిల్లా’ అనీ దిద్ది వేయవచ్చా? అన్నట్టు వాకిలి అనాలా, వాకిళి అనాలా?

సమాధానం: దిద్దకండమ్మా. మీరు పంపిన రెండు కాపీలూ, ముందుదీ వెనకదీ, పక్కపక్కన పెట్టుకుని నాలుగైదుసార్లు చూశాను. ఆ రాత ఆ ఫొటోదే, అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు.

ముందు వాకిలి సంగతి. మీ గోదావరి వైపు వాకిలి అంటే ఇంటి ముందున్న ఖాళీ జాగా, పొద్దున్నే ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు పెట్టే చోటు. మా నెల్లూరు వైపు, కనిగిరి వైపు, అటు రాయలసీమలోనూ వాకిలి అంటే మొట్టమొదట తలుపు ఉండే చోటు, ఒక్కోసారి తలుపే. మా నాయనమ్మ మధ్యాహ్నం కునుకు తీయబోతూ “వాకిలేసుకోండిరా, కుక్క దూరుతుంది” అని లోపలి నుంచే కేకేసేది, మేం పరిగెత్తి తలుపు మూసి గొళ్ళెం పెట్టేవాళ్ళం. ముందరి జాగాను ఎవరూ మూయలేరు కదా. పెరటి వాకిలి, దొడ్డి వాకిలి, తలవాకిలి అన్న మాటలు చూడండి, అన్నీ ద్వారాలే. అంతెందుకు, తిరుమలలో బంగారు వాకిలి ముందు మీరు నిలబడే ఉంటారు. తెల్లవారుజామున సుప్రభాతం చదివేది అక్కడే. అది బంగారు రేకు తాపిన తలుపులున్న ద్వారమే గాని ఆవరణ కాదు.

మాట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. ‘వాయి’ అంటే నోరు. పాత తెలుగులో పెదవిని ‘వాతెర’ అన్నారు, అంటే నోటికి తెర. గట్టిగా అరవడాన్ని ‘వావిడుచు’ అన్నారు. ఇంటికి నోరు లాంటిది వాకిలి. తమిళంలో వాయిల్, వాసల్, కన్నడంలో బాగిలు దీనికి తోబుట్టువులు, కన్నడం వాళ్ళకు బాగిలు అంటే ఈనాటికీ తలుపే. మరి మీ వైపు అర్థం తప్పా అంటే కానే కాదు. ద్వారం పేరు ద్వారం ముందున్న జాగాకు పాకింది, అంతే. తమిళంలోనూ ఇదే జరిగింది, వాళ్ళూ ‘వాసల్’లో నీళ్ళు చల్లి ముగ్గు వేస్తారు. మీ గుమ్మం మా వాకిలి, మీ వాకిలి మా ఇంటి ముందర. రెండూ మంచి తెలుగే. కాకపోతే ఆ ఫొటో వెనక రాసిన మనిషి కనిగిరి మనిషి. ఫొటోలో మీ అమ్మమ్మ కుడిచెయ్యి ద్వారబంధం మీద ఉంది, ఒక కాలు గడప ఇవతల, ఒక కాలు అవతల. ఇంతకంటే ‘వాకిట్లో’ ఎలా నిలబడతారు ఎవరైనా!

రాయడం వాకిలి అనే రాయాలి. ళ బహువచనంలో వస్తుంది: రోలు రోళ్ళు, ఇల్లు ఇళ్ళు, వాకిలి వాకిళ్ళు. ఏకవచనానికి విభక్తి చేరితే ఇల్లు ఇంటి, రోలు రోటి అయినట్టే వాకిలి వాకిటి అవుతుంది, దానికి ‘లో’ చేరితే వాకిట్లో. వాకిళ్ళు చూసి వాకిళి అనుకోవడం చాలామంది చేసేదే.

మిద్దెదీ అదే కథ. మీకు మిద్దె అంటే పై అంతస్తు. మెట్ట ప్రాంతాల్లో మిద్దె అంటే పైకప్పు చదునుగా ఉన్న ఇల్లు, ఒక్క అంతస్తే అయినా సరే. దూలాల మీద దంతెలు, అంటే సన్నపాటి అడ్డకొయ్యలు, పరిచి పైన చవుడు మట్టి పోసిన మట్టిమిద్దెలు అవి. మీ ఫొటోలో కప్పు గీత గీసినట్టు చదునుగా ఉంది చూడండి, పెంకు గాని తాటాకు గాని లేదు. ఇలాంటి మాటలు ఏ జిల్లాలో ఏమంటారో విడివిడిగా తెలియాలంటే ‘మాండలిక వృత్తి పదకోశం’ సంపుటాలు చూడాలి. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూర్చిన వ్యవసాయ పదాలు 1962లో వచ్చాయి, ఆ వరసలోనే వేటపాలెం వారైన బూదరాజు రాధాకృష్ణ గారు ఇంటి కట్టుబడి మాటలు కూర్చారు. పాత ఇళ్ళ ఫొటోలు ముందేసుకుని కూర్చునేవాళ్ళకు ఆ సంపుటం చేతిలో ఉంటే ఎంత సాయమో చెప్పలేను.

జిల్లా పేరు ముట్టుకోవద్దు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు 1972లో పెట్టారు. అంతకుముందు కనిగిరి, కందుకూరు, పొదిలి అన్నీ నెల్లూరు జిల్లావే. ఈ ఫొటో నాటికి ప్రకాశం జిల్లా అనే మాటే లేదు. ఆల్బమ్‌లో కావాలంటే కింద విడిగా ఒక ముక్క రాసుకోండి.

ఇక సంవత్సరం. విజయ 1953 అన్నది సగం నిజం. విజయ నామ సంవత్సరం 1953 ఉగాదికి మొదలై 1954 ఉగాదికి ముందురోజు దాకా ఉంది. సంక్రాంతి జనవరిలో వస్తుంది కాబట్టి విజయలో వచ్చిన సంక్రాంతి 1954 జనవరిది. పాత జాతకాల్లోనూ పెళ్ళి శుభలేఖల్లోనూ మాఘం, ఫాల్గుణం కనిపిస్తే ఇలాగే ఒక ఏడు ముందుకు జరగాలి. ఈ చిన్న లెక్క తప్పి ఎంతమంది తాతల వయసులు తారుమారయ్యాయో! ఆగస్టులో పుట్టిన పెద్దమ్మకు అప్పటికి ఐదు నెలలు. ఫొటోలో పిల్ల మెడ నిలిపి కెమెరా వైపు చూస్తోంది, ఐదు నెలల బిడ్డ అలాగే చూస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది కదా, ఆ తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతి అది.

మీరు అడగలేదు గాని, నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నవి వేరే రెండు మాటలు. ఒకటి ‘వదిన’. మీ ఉత్తరంలో ఇంకోచోట ఇది తాతయ్య రాతే అయి ఉంటుంది అన్నారు. తాతయ్య తన భార్యను వదిన అని రాయరు. బంధుత్వపు మాటలు ఎప్పుడూ రాసేవాళ్ళ వైపు నుంచి తిరుగుతాయి, మనం చదివేటప్పుడు మన వైపు నుంచి చదివి పొరపాటు పడతాం. అదే మనిషి అదే ముక్కలో ‘పంచలో నాయన’ అన్నారు. మా వైపు నాయన అంటే కన్నతండ్రి. పంచలో, అంటే వసారాలో, గుంజకు ఆనుకుని కూర్చున్న పెద్దాయన మీ తాతయ్య తండ్రే అయితే, రాసింది ఆయన బిడ్డ, తాతయ్య కంటే చిన్న. తాతయ్య తమ్ముడో, చెల్లెలో. అక్క అయితే మరదలు అని రాసేది.

రెండోది ‘మన’. మన మిద్దె అన్నారు, మా మిద్దె అనలేదు. చదివేవాళ్ళను కలుపుకుంటేనే మన, కలుపుకోకపోతే మా. ఊరికే గుర్తు కోసం రాసుకున్నా, బయటివాళ్ళకు పంపినా ‘మా మిద్దె’ అని రాసేవాళ్ళు. ఈ ఫొటో ఆ ఇంటి మనిషికే రాసి ఇచ్చారు, లేదా ఎక్కడో దూరాన ఉంటే పంపారు. పండగపూట తీసిన ఫొటోలో ఇంటిల్లిపాదీ ఉన్నారు, మీ తాతయ్య ఒక్కరే లేరు. వదిన, చంకన పాప, పంచలో నాయన అని ఒక్కొక్కరినీ ఎక్కడున్నారో చెప్పి మరీ రాశారు, ఐదు నెలల బిడ్డను ఇంకా చూడని మనిషికి రాసినట్టు. ఇది నా ఊహే, రుజువు కాదు, కానీ నాకు ఆ అక్షరాల్లో అదే వినబడుతోంది.

ఆల్బమ్‌లో ఫొటో పక్కన దాని వెనక వైపును కూడా ఉన్నదున్నట్టు ఫొటో తీయించి వేయండి, అర్థాలు కింద చిన్న అక్షరాల్లో ఇవ్వండి. అసలు ఫొటో మీద మాత్రం పెన్నుతో ఏమీ రాయకండి, తప్పదంటే మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. పెద్దమ్మ కనిగిరిలోనే ఉన్నారని రాశారు గదా, అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి ఫోన్ చేసి ఆ వెనక రాత చదివి వినిపించండి. తాతయ్య తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరెవరో, వాళ్ళలో చదువుకున్నది ఎవరో అడగండి. ఆ సంక్రాంతికి తాతయ్య ఏ ఊళ్ళో ఉన్నారో కూడా అడగండి, తెలిస్తే నాకూ ఒక ముక్క రాయండి.